జేబులో ఉండిపోయిన వైపరు

తలాంగ్, తెగల్ జిల్లా
9 ఏప్రిల్, 1994

తమ్ముడు వార్యోకి,

అస్సలాము అలైకుమ్. నువ్వు, నీ భార్య, పిల్లలు బాగుండాలి. నా సంగతి అడగొద్దు. రాయడానికి ఏమీ లేదు.

నిన్నటితో నా బిడ్డ తర్మూజీ పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయిపోయింది. వీధిలో మగవాళ్ళందరూ వచ్చారు. అన్నం, కోడికూర, అపెమ్ అట్లు పంచాను. వాడికి అపెమ్ అంటే ఎంత పిచ్చో నీకు తెలుసు. పెనం మీద నుంచి తీయకముందే చెయ్యి పెట్టేవాడు. నిన్న ఏ చెయ్యీ రాలేదు. అన్నీ గుండ్రంగా, ముక్కలు కాకుండా గంపలోకి వెళ్ళాయి.

మీ లారీల షెడ్డు నుంచి కాగితం వచ్చింది. నేను చదివింది మూడో తరగతి. ఆ కాగితం చదివి పూర్తిచేయడానికి ఒక పొద్దు పట్టింది. "స్వంత అజాగ్రత్త వల్ల" అన్న చోట ఆగిపోయాను. ఇంకోసారి చదివాను. అదే ఉంది.

పక్కింటి తర్వెన్ దాన్ని చూసి, "ఎత్తిన తొట్టి కింద దుంగ ఆనించకుండా దూరాడట కదా వదినా, అంత తొందర ఏమొచ్చింది?" అంది. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ ఆ మాట వీధంతా తిరుగుతోంది. ఇరవై రెండేళ్ళ నా బిడ్డకి ఇప్పుడు ఒకే పేరు మిగిలింది, తొందరపడి చచ్చినవాడని.

వాడు రబ్బరు సీళ్ళ మధ్య పుట్టాడు, వార్యో. వాళ్ళ నాన్న పోయాక ఈ కొట్టు నేను నడిపితే, వాడు బల్ల కింద పడుకుని పెరిగాడు. లారీ తొట్టి ఎత్తే జాకీకి లోపల ఏ సీలు వెయ్యాలో, అంచున దుమ్ము గీకే వైపరు ఏది వెయ్యాలో కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పేవాడు. అలాంటివాడి నెత్తి మీద తొట్టి ఎలా దిగింది? నువ్వు ఆ షెడ్డులో మేస్త్రీవి. అక్కడే ఉన్నావు. వాడిని నీ వెంట సముద్రం దాటించి సమరిందా తీసుకెళ్ళింది నువ్వు. మట్టి చేసింది నువ్వు. నాకు తంతి చేరేసరికి మూడు రోజులు దాటిపోయింది.

వాడి సామాను పంపు. జరిగింది జరిగినట్టు రాయి. వాడి పేరు మీదున్న ఆ మాట నేను చెరపాలి. అది చెరిపేదాకా నాకు అన్నం లోపలికి పోదు.

మీ అక్క,
వస్రియా

*

సమరిందా
2 మే, 1994

గౌరవనీయురాలైన అక్క వస్రియా గారి పాదాలకు,

వ అలైకుమ్ అస్సలామ్. మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు మన్నించాలి. షెడ్డులో పని ఎక్కువగా ఉంది.

జరిగింది చెప్పమన్నారు. బొగ్గు మోసే టిప్పర్ లారీ ఒకటి రిపేరుకి వచ్చింది. తొట్టి ఎత్తి ఉండగా జాకీలో సీలు తెగింది. ఆయిల్ ఒక్కసారిగా బయటికి కొట్టింది. తొట్టి దిగింది. వాడు కింద ఉన్నాడు. ఎక్కువసేపు బాధపడలేదక్కా, అది మాత్రం నమ్మండి.

ఎవరినీ అనడానికి లేదు. పైవాడు రాసిన రాత. షెడ్డు కాగితంలో ఏముందో పట్టించుకోకండి. అది ఆఫీసువాళ్ళు అందరికీ రాసే మాటే.

వాడి సమాధి మహాకం నదికి పైన, గట్టు మీద ఉంది. వరద రాని చోటు చూసి ఎంచుకున్నాను. తలవైపు దేవగన్నేరు కొమ్మ నాటాను. చిగురేసింది. ప్రతి శుక్రవారం నీళ్ళు పోస్తున్నాను.

వాడి సామాను నా భార్య సర్దింది. ఓడలో వస్తున్న తెలిసినాయన చేతికిచ్చి పంపుతున్నాను. రెండు చొక్కాలు, లుంగీ, ప్రార్థన టోపీ, మీరు కొనిచ్చిన వెర్నియర్ కొలబద్ద ఉన్నాయి. ఆరోజు వేసుకున్న చొక్కా ఉతికి పెట్టాం.

ఒంట్లో జాగ్రత్త. తినండి.

మీ తమ్ముడు,
వార్యో

*

తలాంగ్
11 జూన్, 1994

వార్యోకి,

పెట్టె అందింది.

నువ్వు నన్ను ఎప్పుడూ "నువ్వు" అనేవాడివి. మీరు, గౌరవం, పాదాలు ఎప్పటి నుంచి వచ్చాయి? నా తమ్ముడు నాతో ఇలా మాట్లాడేది ఏదైనా దాచినప్పుడే. చిన్నప్పుడు అమ్మ పెంచిన కోడిపెట్టను నువ్వు తొక్కి చంపినరోజు కూడా "అక్కగారూ" అన్నావు.

చొక్కాలు ముఖాన పెట్టుకున్నాను. సబ్బు వాసన. వాడి వాసన మీ ఇంట్లోనే ఉతికేశారు. నీ భార్యను తప్పు పట్టట్లేదు, మంచిదనుకునే చేసింది.

కానీ ఆమె జేబు చూసినట్టు లేదు. ఆరోజు వేసుకున్న చొక్కా జేబులో, గుండీ పెట్టి ఉన్న జేబులో, ఒక రబ్బరు ఉంది. చుట్టూ పొట్లం కాగితం ఉతుకులో పిప్పి అయిపోయింది కానీ రబ్బరుకి ఏమీ కాలేదు. కొత్తది. వైపరు.

వాడి వెర్నియర్‌తో కొలిచాను. ఎనభై మిల్లీమీటర్ల రాడ్డుకి సరిపోయేది. ఆకుపచ్చటి గట్టి రకం, రెండంచులది. ఒక అంచు బయటి బురద గీకేది, ఇంకోటి లోపల మిగిలిన ఆయిల్ పట్టేది. బొగ్గుపొడిలో తిరిగే లారీకి అదే వెయ్యాలి. మెత్తటి నల్ల రకం వేస్తే బొగ్గు దాన్ని కొరికేస్తుంది. వాడు సరిగ్గానే ఎంచుకున్నాడు. నేను నేర్పినట్టే ఎంచుకున్నాడు. "పాత రబ్బరుని కొలవకు, అది వాచి ఉంటుందో, అరిగి ఉంటుందో, అబద్ధం చెబుతుంది. అది కూర్చునే గాడిని కొలువు. ఇనుము అబద్ధం చెప్పదు" అని వాడికి ఏడేళ్ళప్పుడు చెప్పాను.

ఇప్పుడు నువ్వు చెప్పు. లారీకి వెయ్యాల్సిన కొత్త వైపరు వాడి జేబులో ఉంటే, లారీలో ఉన్నది ఏది? ఎవరు వేశారు?

నాకు చదువు లేదు గానీ ఇది తెలుసు. వైపరు అంటే గుమ్మం ముందు పరిచిన పట్టా. రాడ్డు లోపలికి వెళ్ళేముందు కాళ్ళు తుడుచుకోవాలి. పట్టా బాగాలేకపోతే మట్టి లోపలికి వస్తుంది, వచ్చి లోపలున్న సీలుని కోస్తుంది. సీలు ఊరికే తెగదు. ఎవరో చెత్త వైపరు వేశారు. ఆ పాపం నా బిడ్డ నెత్తిన పెట్టారు.

నిన్న ఇసుక లారీ నడిపే రస్బద్ కొట్టుకి వచ్చాడు. మట్టి కూజాలో టీ పోసి ఇచ్చాను. కలకండ కరిగేదాకా ఆగకుండా చెంచా పెట్టి తిప్పేశాడు. తర్మూజీ కూడా అంతే, టీ కలపొద్దురా, దానంతట అది కరగాలిరా అన్నా వినేవాడు కాదు.

"ఎనభైది వైపరు ఒకటి ఇవ్వు వదినా" అన్నాడు. బల్ల మీద ఉన్న వాడి రబ్బరు చూసి, "అదిగో, ఆ పచ్చది బాగుంది."

"అది అమ్మేది కాదు."

"కొట్లో పెట్టుకుని అమ్మేది కాదంటావేంటి? పూజకా?"

దాన్ని తీసి చెంగులో ముడేసుకున్నాను. అతనికి అప్పుడు గుర్తొచ్చింది పాపం, టోపీ తీసి తల గోక్కున్నాడు. "సరేలే. నానబెట్టిన పాతది ఒకటి పడెయ్యి, చవగ్గా. వారం పదిరోజులు నడిస్తే చాలు" అన్నాడు. ఇచ్చాను. నా నానబెట్టిన రబ్బర్లకి ఈ జిల్లాలో ఇంకా పేరుంది, బతకాలి కదా.

నా ప్రశ్నకి జవాబు రాయి. మీరు గీరు వద్దు.

వస్రియా

*

సమరిందా
20 జులై, 1994

అక్కా,

ఇది నాలుగోసారి రాస్తున్న ఉత్తరం. మూడు చింపేశాను.

నువ్వు సరిగ్గానే కనిపెట్టావు. లారీలో ఉన్న వైపరు చెడ్డది. అది వేసింది నేను. ఓడలు రాక కొత్త సరుకు లేదు, యజమాని తొందరపెట్టాడు, చేతికి దొరికింది వేశాను. తర్మూజీకి ఏ సంబంధమూ లేదు. కొత్తది వచ్చాక మార్చడానికి వాడు లోపలికి దూరాడు.

తప్పు నాది. వీధిలో అందరికీ చెప్పు, వార్యో చేశాడని. ఏమనాలనిపిస్తే అది అను. పడతాను.

ఇంకేమీ అడగకు అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

వార్యో

*

తలాంగ్
25 ఆగస్టు, 1994

వార్యో,

చెప్పాను. తర్వెన్‌కి చెప్పాను, అంటే వీధి మొత్తానికి చెప్పినట్టే. నా బిడ్డ తప్పు లేదని ఇమామ్ గారికి కూడా చెప్పాను. నీ పేరు చెప్పాను.

ఆరోజు కడుపునిండా తిన్నాను. ఆరు నెలల తరవాత మొదటిసారి. తిని, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను.

నిన్ను నేను ఎత్తుకుని పెంచాను. నా వీపు మీద చెంగులో కట్టుకుని వరి కోతకి వెళ్ళాను. నీకు నా బిడ్డని ఇస్తే, నువ్వు వాడికి చెత్త రబ్బరు వేసి చంపి, దేవగన్నేరుకి నీళ్ళు పోస్తున్నావా? ఇక పొయ్యకు. ఆ గట్టు మీదికి నువ్వు ఎక్కకు. ఏడాది ప్రార్థనకి నువ్వు నా గడప తొక్కకు.

ఇంతవరకు రాసి వారం ఆగాను. పోస్టులో వెయ్యలేదు. ఒక సంగతి గొంతులో ముల్లులా ఉంది.

నువ్వు ఇరవై ఏళ్ళుగా మేస్త్రీవి. నీ చేతికి దొరికింది వేసే మనిషివి కాదు. నీ పని ఎలా ఉంటుందో నాకు తెలుసు, నీకు అంత తెగింపు లేదు. సరుకు లేకపోతే లారీని పడుకోబెడతావు, తిట్లు తింటావు.

ఆ పాత వైపరు పంపు. నువ్వు పారెయ్యలేదు. నువ్వు ఏదీ పారెయ్యవు, నాకు తెలుసు. నా వేళ్ళకి చూపిస్తే అది ఎవరి పనో అవే చెబుతాయి. పంపకపోతే గాజులు అమ్మి ఓడ ఎక్కుతాను. ఆ లారీ డ్రైవర్ని పట్టుకుని అడుగుతాను.

వస్రియా

*

సమరిందా
30 అక్టోబరు, 1994

అక్కా,

ఓడ ఎక్కకు. అంత దూరం ఒక్కదానివి రావద్దు. పంపుతున్నాను.

నేను వేశానని రాసింది అబద్ధం. ఇప్పుడు జరిగింది రాస్తాను.

ఫిబ్రవరిలో గాలులకి ఓడలు రాలేదు. ఆ లారీ జాకీ వైపరు పగిలింది. తర్మూజీ గాడి కొలిచి చీటీ రాసి, సరుకు వచ్చేదాకా వారం ఆగమని యజమానికి చెప్పాడు. యజమాని, "వారమా? లారీ పడుకుంటే బొగ్గు నువ్వు మోస్తావా, నీ మామ మోస్తాడా?" అని అందరి ముందు అరిచాడు. నేను తల దించుకున్నాను. నాకు ఎదురు మాట్లాడటం రాదని నీకు తెలుసు. అక్కడి నుంచే నా తప్పు మొదలైంది.

సాయంత్రం వాడు వచ్చి, "మామా, నాకొక దారి తెలుసు, నవ్వకూడదు మరి" అన్నాడు. నేను నవ్వాను. కానీ వద్దనలేదు. అదే నా పెద్ద తప్పు. వాడు చేసింది రెండు రోజులకి చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతోంది. గాడిలో గట్టిగా కూర్చుంది. లారీ వెళ్ళిపోయింది. యజమాని వాడి భుజం తట్టాడు. వాడు ఎంత సంబరపడ్డాడో అక్కా.

ఎనిమిదో రోజున ఓడ వచ్చింది. వాడే రేవుకి వెళ్ళి కొత్తది తెచ్చాడు. ఆ లారీ మళ్ళీ షెడ్డుకి వచ్చేదాకా మూడు రోజులు దాన్ని జేబులోనే పెట్టుకుని తిరిగాడు. "ఇది వేసేదాకా నాకు నిద్ర పట్టదు మామా" అన్నాడు. వాడికి లోపల భయం ఉంది.

లారీ వచ్చింది. తొట్టి ఎత్తారు. రాడ్డు మీద ఆయిల్ చార కనిపించింది. వాడు దూరబోతుంటే, "దుంగ పెట్టరా" అన్నాను. వెనక్కి తిరిగి నవ్వాడు. "నా చేత్తో వేసిన రబ్బరు మామా, ఒక్క నిమిషం ఆగదా?" అన్నాడు.

ఆగలేదు.

సున్నం డబ్బాలో దాచిన వైపరు ఈ ఉత్తరంతో ఉంది. విప్పేముందు కూర్చో. తర్వెన్‌ని పక్కన ఉండమను. నేనెందుకు అబద్ధం రాశానో దాని వెనకవైపు చూస్తే నీకే తెలుస్తుంది. ఈ ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. డ్రైవరుకి తెలియదు, యజమానికి తెలియదు. నువ్వు కావాలంటే ఎప్పటికీ తెలియదు. వీధిలో నా పేరే ఉండనీ. నాకు అలవాటైంది.

నీ తమ్ముడు,
వార్యో

*

తలాంగ్
12 జనవరి, 1995

నా తమ్ముడు వార్యోకి,

నీ పొట్లం నవంబరులోనే వచ్చింది. తర్వెన్‌ని పిలవలేదు. తలుపేసుకుని ఒక్కదాన్నే విప్పాను. కళ్ళతో చూడకముందే వేలు తగిలింది. వెనకవైపు మూడు సన్నటి నొక్కులు. సమానదూరంలో మూడు. నా బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు వాటిలో కూర్చున్నాయి.

వాళ్ళ నాన్న పోయిన ఏడాది నేను కనిపెట్టిన పని అది. గట్టిపడిన పాత రబ్బర్లని పెట్రోలు, కిరసనాయిలు కలిపిన డబ్బాలో రెండు రాత్రులు నానబెడితే వాచి మెత్తబడతాయి. ఆరేటప్పుడు అంచు ముడుచుకోకుండా గాజు సీసాకి తొడిగి మూడుచోట్ల అరటినారతో కడతాను, ఆ కట్ల గుర్తులే ఆ మూడు నొక్కులు. ఆరాక మసి, కొబ్బరినూనె రుద్దితే కొత్తవాటిలా మెరుస్తాయి. వారం పదిరోజులు చక్కగా పనిచేస్తాయి. తరవాత పెట్రోలు ఆవిరై, ముందున్నదానికన్నా గట్టిగా, ముందున్నదానికన్నా చిన్నగా అయిపోతాయి. ఆ నారకట్టు ఇంకెవరూ కట్టరు. ముడి బిగించడానికి ఎవరో ఒకరు వేలు అదిమిపట్టాలి. అదిమింది వాడు. ఆరేళ్ళ వేలు. "అమ్మా, నువ్వు రబ్బర్ల డాక్టరువి. చచ్చినవాటిని బతికిస్తావు" అనేవాడు.

పాత రబ్బరు అబద్ధం చెబుతుందని వాడికి నేర్పిందీ నేనే, దానితో అబద్ధం చెప్పించడం నేర్పిందీ నేనే.

మన ఊళ్ళో నీళ్ళ పంపులకి, వరి మిల్లులకి, రస్బద్ లాంటివాళ్ళు లారీలకి వేసుకునేవాళ్ళు. పాడైతే ఆయిల్ కారేది, తిట్టుకుంటూ మళ్ళీ వచ్చేవాళ్ళు, ఇంకోటి అమ్మేదాన్ని. కారడమే చూశాను వార్యో. కూలడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇలా రాస్తుంటే ఇది కూడా ఒక సాకులా వినిపిస్తోంది. కొట్టెయ్యను. ఉండనీ.

నెలన్నర కొట్టు తెరవలేదు. జబ్బు చేసిందని చెప్పాను. డిసెంబరు చివర ఒకరోజు తెరిచాను, రస్బద్ వచ్చాడు. అతను ఎప్పటిలా అడిగాడు, నా చెయ్యి ఎప్పటిలా బల్ల కిందికి వెళ్ళి నానబెట్టినది ఒకటి తీసి ఇచ్చేసింది. అతను వెళ్ళాక చాలాసేపటికి గానీ నేను ఏం చేశానో నాకే తెలియలేదు. తర్మూజీ పోయాక కూడా, అన్నీ తెలిశాక కూడా, నా చెయ్యి ఆ పని మానలేదు చూశావా.

లేచి చెప్పులు వేసుకుని ఇసుక దించే యార్డుకి నడిచాను. సగం దూరం ఒక కూరగాయల బండివాడు ఎక్కించుకున్నాడు. అక్కడికి వెళ్ళేసరికి రస్బద్ అది వేసేశాడు. లారీ తొట్టి ఆకాశంలోకి లేచి ఉంది, ఇసుక జారుతోంది. అతను వెనక తలుపు గొళ్ళెం తట్టడానికి కింద వంగి ఉన్నాడు.

ఎలా అరిచానో నాకు గుర్తులేదు. అందరూ పారలు వదిలేసి చూశారు.

"ఏంటి వదినా, దెయ్యం పట్టిందా?"

"బయటికి రా. తొట్టి దించు."

"ఇంకో రెండు ట్రిప్పులున్నాయి తల్లీ..."

లారీ ముందు చక్రం దగ్గర మట్టిలో కూర్చున్నాను. "దించి, నా రబ్బరు నాకు ఇచ్చేదాకా లేవను" అన్నాను. ఒకడు, "ఇన్నాళ్ళకి ముసల్దానికి పిచ్చెక్కింది" అన్నాడు. ఇంకొకడు వాడి నోరు మూశాడు. రస్బద్ తిట్టుకుంటూనే దించాడు. జాకీ విప్పించాను. గాడి కొలవడానికి వెర్నియర్ నా చెంగులోనే ఉంది. ఎనభై.

తర్మూజీ జేబులోది తీసి ఇచ్చాను.

"ఇది అమ్మేది కాదన్నావుగా?" అన్నాడు.

"అమ్మట్లేదు. వెయ్యి" అన్నాను.

అతను రబ్బరుని నలిపి, వంకీ చేసి గాడిలోకి జార్చాడు. టక్కుమని కూర్చుంది. రాడ్డు లోపలికి వెళ్ళేటప్పుడు చూశాను. దుమ్మంతా అంచు దగ్గర ఆగిపోయి, లోపలికి నున్నగా, మెరుస్తూ వెళ్ళింది. అంత బాగా ఎంచుకున్నాడు నా బిడ్డ, వార్యో. ఆ ఇనుము మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను.

ఇంటికి వచ్చి డబ్బా బోర్లించాను. రబ్బర్లన్నీ కత్తిరించాను. డబ్బాని బూడిదతో మూడుసార్లు తోమాను. వాసన పోలేదు.

వచ్చే నెల ఏడాది ప్రార్థన. నా గడప తొక్కకు అని రాశాను కదా. రా. టిక్కెట్టుకి గాజులు అమ్మాను, ఎలాగూ ఓడకే అనుకున్నవి. వాడి మీద పోసిన మట్టి గుప్పెడు, దేవగన్నేరు ఆకు ఒకటి తీసుకురా. నీళ్ళు పోస్తూనే ఉన్నావు కదూ? నేను వద్దన్నా నువ్వు మానలేదని నాకు తెలుసు.

నిన్ను చూసి వీధిలో వాళ్ళు ముఖం తిప్పుకుంటారు. ఒక్క పూట ఓర్చుకో. ప్రార్థన చివర ఇమామ్ గారు, "పోయిన ఈ బిడ్డ వల్ల మీలో ఎవరికైనా తప్పు జరిగి ఉంటే మన్నించండి" అని అందరినీ అడుగుతారు. అందరూ మన్నించాం అంటారు. ఆడవాళ్ళం అప్పుడు వంటింట్లోనే కూర్చుంటాం, నోరెత్తం. ఆరోజు నేను లేచి గుమ్మంలోకి వస్తాను. మూడు నొక్కుల రబ్బరు నా చేతిలో ఉంటుంది.

నువ్వు అడ్డం రావద్దు. చిన్నప్పుడు నా చెంగు పట్టుకున్నట్టు పట్టుకుని పక్కన నిలబడు, అంతే. వాడికి మన్నింపు అడగాల్సింది ఏమీ లేదని, అడగాల్సినదాన్ని నేనని చెబుతాను. వాళ్ళు మన్నించాం అంటారో, అనరో.

మీ అక్క,
వస్రియా